కొండల్లో పుట్టే సోడా: పుల్లటి నీటి బుగ్గల వెనక ఉన్న శాస్త్రం

గోలీసోడా కొట్టగానే వచ్చే 'కీచు'మనే చప్పుడు, మొదటి గుక్కకే ముక్కులోకి ఎక్కే ఘాటు మనకు బాగా తెలిసినవే. హైరమ్ కాడ్ అనే ఆంగ్లేయుడు 1872లో పేటెంటు తీసుకున్న ఆ సీసాలో ఉండేది మామూలు నీళ్లే. ఆ నీళ్లలోకి యంత్రంతో ఒత్తిడి పెట్టి కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కిస్తారు. ఒత్తిడి పోకుండా గోలీ మూతిని బిగించి పట్టుకుంటుంది. అంతే.

యంత్రం, సీసా, గోలీ ఏవీ లేకుండా నేలలోంచే సోడా ఉబికివచ్చే చోట్లు ప్రపంచంలో కొన్ని ఉన్నాయి. బుగ్గ దగ్గర దోసిలి పడితే నీళ్లు చల్లగా, బుడగలతో, నాలుకకు పుల్లగా తగులుతాయి. ఇలాంటి బుగ్గల్లో ఎక్కువ భాగం పర్వత ప్రాంతాల్లోనో, ఒకప్పుడు అగ్నిపర్వతాలు రగిలిన నేలల్లోనో కనిపిస్తాయి. నీళ్లు కొండమీద కురిసిన వానవి, మంచువి. మరి ఆ గ్యాసు ఎక్కడిది? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వెళితే మనం చివరికి హిమాలయాల కిందికి చేరతాం. దారి మాత్రం కాకసస్ పర్వతాల దగ్గర మొదలుపెడదాం. ఇలాంటి నీళ్లు అంత విరివిగా, అన్ని రుచుల్లో దొరికే చోట్లు తక్కువ.

పుల్లనీళ్ల ఊరు

రష్యా దక్షిణపు అంచున, కాకసస్ ఉత్తర వాలులో కిస్లోవోద్స్క్ అనే పట్టణం ఉంది. రష్యన్ భాషలో ఆ పేరుకు 'పుల్లనీళ్ల ఊరు' అని అర్థం. 1803లో అక్కడ కోట కట్టారు. ఆ కోట చుట్టూ ఊరు, ఊరి చుట్టూ నీటి చికిత్సాలయాలు పెరిగాయి. అక్కడి బుగ్గ పేరు నర్జాన్. స్థానిక కబార్దియన్ భాషలోని 'నార్ట్ సానా' నుంచి ఆ పేరు వచ్చిందంటారు. నార్టులు కాకసస్ జాతుల పురాణగాథల్లోని మహావీరులు. వాళ్లు తాగే పానీయమట అది. రష్యన్ రచయిత లేర్మొంతోవ్ 1840లో వెలువరించిన 'మన కాలపు వీరుడు' నవలలో ఒక పెద్ద భాగం ఈ ఊళ్లోనూ, పక్కనే ఉన్న ప్యతిగోర్స్క్‌లోనూ, నీళ్లు తాగడానికి వచ్చిన జనం మధ్యనే నడుస్తుంది. మరుసటి ఏడాదే ఆయన ప్యతిగోర్స్క్ దగ్గర ద్వంద్వయుద్ధంలో చనిపోయాడు.

పుల్లదనం మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. మన పాత తెలుగు సైన్సు పుస్తకాల్లో కార్బన్ డయాక్సైడ్‌ను 'బొగ్గుపులుసు వాయువు' అనేవారు. ఇప్పుడు ఆ పేరు వింటే నవ్వొస్తుంది గానీ, అందులో రసాయనశాస్త్రం ఉంది. ఈ వాయువు నీళ్లలో కరిగితే కొంత కార్బానిక్ ఆమ్లంగా మారుతుంది. ఆమ్లం పుల్లగా ఉంటుంది. రష్యా కొండల్లో ఊరికి పేరు పెట్టినవాళ్లూ, తెలుగులో పరిభాష తయారుచేసినవాళ్లూ ఒకే లక్షణాన్ని పట్టుకున్నారన్నమాట.

కిస్లోవోద్స్క్ నుంచి దక్షిణంగా సుమారు 65 కిలోమీటర్ల దూరంలో 5,642 మీటర్ల ఎత్తున ఎల్‌బ్రస్ శిఖరం ఉంటుంది. అది నిద్రపోతున్న అగ్నిపర్వతం. చివరిసారి సుమారు 2 వేల ఏళ్ల క్రితం నిప్పులు కక్కింది. భూగర్భ కాలమానంలో అది నిన్నటి మాట. ఎత్తైన వాలుల మీద కురిసిన వాన, కరిగిన మంచు, సున్నపురాయి, డోలమైటు పొరల్లోకి ఇంకి, ఆ పొరలు వాలిన ఉత్తరం వైపుకే మెల్లగా పారుతూ వస్తాయి. దారిలో, లోతైన పగుళ్ల గుండా కిందినుంచి వస్తున్న గ్యాసు ఆ నీళ్లను కలుసుకుంటుంది. పైనుంచి వచ్చిన నీరు, కిందినుంచి వచ్చిన గ్యాసు: ఈ రెండూ ఎక్కడో చీకట్లో కలుసుకున్న చోటే సోడా తయారవుతుంది. రెండింటి పుట్టుకా వేరు, వయసూ వేరు.

చల్లని సీసా, వేడి సీసా

నీళ్లు గ్యాసును ఎంత పట్టుకోగలవు? రెండు విషయాలు దాన్ని నిర్ణయిస్తాయి. మొదటిది ఒత్తిడి. ఎంత ఒత్తిడి ఉంటే అంత గ్యాసు కరుగుతుందని విలియం హెన్రీ చెప్పిన సూత్రం బడిలో చదువుకున్నదే. ఆయన ఆ సంగతి ప్రకటించింది కూడా కిస్లోవోద్స్క్ కోట మొదలైన 1803లోనే కావడం ఒక తమాషా. నేలలో వంద మీటర్ల లోతున నిండుగా నీళ్లున్నాయనుకోండి. అక్కడి ఒత్తిడి నేలపైన ఉన్నదానికి సుమారు పదకొండు రెట్లు. ఆ లోతులో నీళ్లు అన్ని రెట్లు ఎక్కువ గ్యాసును కడుపులో దాచుకోగలవు. బయటికి ఒక్క బుడగా కనిపించదు. నీళ్లు పైకి వస్తున్నకొద్దీ బరువు తగ్గి, గ్యాసు విడిపడి బుడగలవుతుంది. బుడగలు కలిసిన నీటి స్తంభం తేలికవుతుంది కాబట్టి, కిందినుంచి మరిన్ని నీళ్లు దాన్ని పైకి నెడతాయి. కొన్ని సోడా బుగ్గలు ఎవరో పంపు పెట్టినట్టు ఎగజిమ్మడానికి కారణం ఇదే.

రెండోది వేడి. మామూలు వాతావరణ ఒత్తిడిలో, నీటిపైన అంతా కార్బన్ డయాక్సైడే ఉందనుకుంటే, గడ్డకట్టే దశలో ఉన్న లీటరు నీళ్లలో సుమారు 3.3 గ్రాముల గ్యాసు కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర అది 1.7 గ్రాములకు పడిపోతుంది. 60 డిగ్రీలకు చేరేసరికి అర గ్రాము కంటే కాస్త ఎక్కువ, అంతే. ఎండలో పెట్టిన సోడా సీసా మూత తీయగానే పొంగిపోయి, తాగబోతే చప్పగా ఉండేది అందుకే. బుగ్గలకూ ఇదే వర్తిస్తుంది. నర్జాన్ నీళ్లు చల్లనివి కాబట్టి ఘాటు నిలుస్తుంది. అదే గ్యాసు వేడినీటి బుగ్గలోంచి వస్తే నీళ్లలో నిలవకుండా గాలిలో కలిసిపోతుంది. మనం దాన్ని సోడా అనం, ఉష్ణగుండం అంటాం.

ఉష్ణగుండాల్లో బుడగలు చూసి చాలామంది నీళ్లు మరుగుతున్నాయని అనుకుంటారు. చెయ్యి పెట్టగలిగిన నీళ్లు మరగడం లేదు కదా! అక్కడ కనిపించేవి ఆవిరి బుడగలు కావు. లోతులోంచి వస్తున్న వాయువులవి. చాలాచోట్ల అందులో పెద్ద వాటా కార్బన్ డయాక్సైడ్‌దే. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే, ముందు ముందు హిమాలయాల సంగతి సులువుగా అర్థమవుతుంది.

గ్లాసులో ఒక కొండ

ఇంట్లోనో, బడిలోనో చేసి చూడదగ్గ ప్రయోగం ఒకటి ఉంది. తాంబూలంలోకి వాడే సున్నాన్ని నీళ్లలో కలిపి ఒక రాత్రి వదిలేయండి. పైన తేరిన సున్నపు తేటను, కదలకుండా, ఒక గాజుగ్లాసులోకి వంచుకోండి. సున్నం కళ్లలో పడితే ప్రమాదం కాబట్టి పిల్లలైతే పెద్దవాళ్ల ఎదురుగానే చేయాలి. ఇప్పుడు ఆ తేటలో చల్లని సాదా సోడా కొద్దికొద్దిగా పోయండి. ముందు పాలలా తెల్లబడుతుంది. తేటలోని సున్నం, సోడాలోని గ్యాసు కలిసి సున్నపురాయి పొడిగా, అంటే కాల్షియం కార్బొనేట్‌గా మారాయి. ఆపకుండా ఇంకా సోడా పోస్తూ ఉండండి. కాసేపటికి తెల్లదనం విరిగి నీళ్లు మళ్లీ తేటపడతాయి. సున్నపురాయి పొడి కరిగిపోయింది! ఎక్కువైన కార్బానిక్ ఆమ్లం దాన్ని కాల్షియం బైకార్బొనేట్‌గా మార్చి నీళ్లలో కలిపేసింది. ఇప్పుడు ఆ తేటనీటిని ఒక గిన్నెలో వేడిచేస్తే గ్యాసు పారిపోయి, తెల్లటి పొడి మళ్లీ తేలుతుంది.

కొండ కింద జరుగుతున్నది అచ్చంగా ఇదే. గ్యాసు నిండిన నీళ్లు సున్నపురాయి పొరల్లోంచి వస్తూ కాల్షియం, మెగ్నీషియం వంటివాటిని కరిగించుకుంటాయి. అందుకే సోడా బుగ్గ నీళ్లు ఎప్పుడూ ఖనిజాలతో బరువుగా ఉంటాయి. బయటికి వచ్చి గ్యాసు పోగానే, కరిగిన సున్నం పొరలు పొరలుగా పేరుకుని, బుగ్గ చుట్టూ ట్రావర్టీన్ అనే మెత్తని రాయి కడుతుంది. ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లటి పెచ్చు దానికి చిన్న చెల్లెలు.

ఇనుము కథ ఇంకాస్త తమాషాగా ఉంటుంది. లోతులో ఆక్సిజన్ ఉండదు. అక్కడ పుల్లనీళ్లలో కరిగిన ఇనుముకు రంగు ఉండదు. బుగ్గ దగ్గర గ్లాసు ముంచితే నీళ్లు తేటగానే కనిపిస్తాయి. గాలి తగిలిన కాసేపటికి ఆ ఇనుము తుప్పుగా మారి, కాలువ అడుగంతా ఎర్రటి బురద పడుతుంది. కిస్లోవోద్స్క్‌కు దగ్గర్లోనే జెలెజ్నోవోద్స్క్ అనే ఇంకో పట్టణం ఉంది. పేరుకు అర్థం 'ఇనుపనీళ్ల ఊరు'. మరో పక్క ఎస్సెంతుకిలో నీళ్లు ఉప్పగా, సోడాకారం కలిపినట్టుగా ఉంటాయి. ప్యతిగోర్స్క్‌లో కొన్ని బుగ్గలు వేడిగా, గంధకపు వాసనతో వస్తాయి. ఇవన్నీ ఒకదానికొకటి దగ్గరగా ఉన్న ఊళ్లే. వాటి మధ్యలో బెష్తావ్ వంటి కొండలు ఉంటాయి. సుమారు 80 లక్షల ఏళ్ల క్రితం శిలాద్రవం పైకి రాబోయి, బయటపడలేక, నేలను బుడిపెల్లా ఉబ్బించి అక్కడే గడ్డకట్టింది. ఏ నీరు ఏ రాతి గుండా, ఎంత లోతుకు, ఎంతకాలం తిరిగిందన్న దాన్నిబట్టి రుచి మారుతుంది.

ఈ లెక్కన మన సున్నపురాతి నేలల్లో సోడా ఎందుకు లేదు? నంద్యాల జిల్లాలోని బెలుం గుహలు 3 కిలోమీటర్లకు పైగా సాగేది సున్నపురాతిలోనే. నల్లమల పాదాల దగ్గరి మహానంది కోనేటి ఊటనీళ్లు అద్దంలా ఉంటాయే తప్ప చురుక్కుమనవు. ఇలాంటి చోట్ల నీళ్లకు దొరికే కార్బన్ డయాక్సైడ్ ప్రధానంగా పైమట్టిది. చెట్ల వేళ్లు, కుళ్లిన ఆకుల మీద బతికే సూక్ష్మజీవులు విడిచిన ఊపిరి అది. గుహల్ని తొలవడానికి లక్షల ఏళ్ల వ్యవధిలో అది చాలు. బుడగలు రావడానికి చాలదు. సోడా కావాలంటే గ్యాసు చాలా లోతునుంచి, ఎడతెగకుండా రావాలి.

బట్టీలో కాలిన రాయి

లోతు నుంచి అంత గ్యాసు ఎలా వస్తుంది? ముఖ్యంగా రెండు దారులున్నాయి. శిలాద్రవంలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్, అది పైకి వచ్చి చల్లారుతున్నప్పుడు విడిపోవడం ఒకటి. రెండోదానికి మన సున్నపు బట్టీనే ఉదాహరణ. సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల దాకా కాలిస్తే గ్యాసు పోయి పొడిసున్నం మిగులుతుంది. పర్వతాల కింద సున్నపురాయి, డోలమైటు ఒంటరిగా ఉండవు. ఇసుకలోని సిలికాతో, బంకమన్నుతో, నీటితో కలిసి నలుగుతుంటాయి. అలాంటప్పుడు బట్టీ అంత వేడి అక్కర్లేదు. కొన్ని వందల డిగ్రీలకే రాళ్లు మారిపోయి, కొత్త ఖనిజాలు పుట్టి, గ్యాసు వెలువడుతుంది.

బట్టీలో పోయేది ఏ వాయువో మొదట తేల్చింది స్కాట్లాండ్ శాస్త్రవేత్త జోసఫ్ బ్లాక్. 1750లలో ఆయన దానికి 'స్థిరవాయువు' అని పేరు పెట్టాడు. రాతిలో స్థిరంగా బందీ అయి ఉన్న గాలి అని. ఆ తర్వాత 1767లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో జోసఫ్ ప్రీస్ట్లీ, తన ఇంటి పక్కనున్న బీరు కర్మాగారంలో పులుస్తున్న తొట్టెల మీద తేలే ఇదే వాయువును నీళ్లలోకి ఎక్కించి చూశాడు. జర్మనీలోని పిర్మాంట్ బుగ్గ నీళ్లు ఆ రోజుల్లో ఐరోపా అంతటా సీసాల్లో అమ్ముడయ్యేవి. ఆ రుచి ఇంట్లోనే తెప్పించవచ్చని 1772లో చిన్న పుస్తకం అచ్చువేశాడు. జెనీవాలో జేకబ్ ష్వెప్ 1783లో దాన్ని వ్యాపారంగా మలిచాడు. మన గోలీసోడా ఆ వంశంలోదే. అంటే మనిషి తయారుచేసిన మొదటి సోడా, కొండబుగ్గను అనుకరించబోయి పుట్టిందే.

అనుకరణ అసలును తినేయబోయిన ఉదంతం కూడా ఒకటుంది. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, ఎడిరాండాక్ పర్వతాల పాదాల దగ్గర సరటోగా అనే ఊరు సోడా బుగ్గలకు ప్రసిద్ధి. 19వ శతాబ్దం చివరికి నగరాల్లో సోడా దుకాణాలు విపరీతంగా పెరిగి గ్యాసుకు గిరాకీ వచ్చింది. కంపెనీలు సరటోగాలో లోతైన బోర్లు వేసి, పంపులు పెట్టి, నీటిని తోడి, గ్యాసును వేరుచేసి అమ్మడం మొదలుపెట్టాయి. నీళ్లను పారబోసేవారు. కొన్నేళ్లకే బుగ్గల మట్టం పడిపోయి, చాలావాటిలో ప్రవాహం ఆగింది. 1908లో రాష్ట్రం ఆ రకం పంపింగును నిషేధిస్తూ చట్టం చేసింది, 1909లో బుగ్గల నేలను సేకరించడం మొదలుపెట్టింది. వివాదం కోర్టుకెక్కితే 1911లో అమెరికా సుప్రీంకోర్టు చట్టాన్నే సమర్థించింది. లోతులో ఒత్తిడే సోడాకు ప్రాణం కాబట్టి, ఒకచోట బోరు వేసి ఒత్తిడి తీస్తే ఊరంతటికీ పోతుంది. బోర్లు వేసి వేసి ఊరి బావులు ఎండబెట్టుకున్న మనకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

నేలబారున ఉండే ప్రమాదం

కార్బన్ డయాక్సైడ్ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు. గాలి వీచేచోట అది చెదిరిపోతుంది. గుంటలో, గుహలో, నేలమాళిగలో మాత్రం నీళ్లలా అడుగున నిలుస్తుంది. రంగు లేదు, వాసన లేదు. గాలిలో దాని వాటా పదో వంతుకు చేరితే నిమిషాల్లో స్పృహ తప్పుతుంది. ఇటలీలో నేపుల్స్ దగ్గర 'కుక్క గుహ' అని ఒకటుంది. ఒకప్పుడు అక్కడి గైడ్లు యాత్రికుల వినోదం కోసం కుక్కను వెంట తీసుకువెళ్లేవారు. గ్యాసు నేలనుంచి మోకాళ్లెత్తు దాకానే ఉండటంతో మనిషి బాగానే నిలబడేవాడు, కుక్క కూలిపోయేది. బయటికి తెచ్చి తేర్చేవారు. చూడటానికి డబ్బిచ్చిన జనం ఉన్నారంటే ఏమనాలి!

కాలిఫోర్నియాలోని మామత్ పర్వతం మీద 1990 ప్రాంతంలో చెట్లు ఉన్నట్టుండి ఎండిపోసాగాయి. సుమారు 40 హెక్టార్ల అడవి చచ్చింది. కరవు అనుకున్నారు, పురుగు అనుకున్నారు. మట్టిలో గాలిని కొలిచి చూస్తే, అంతకు ముందు ఏడాది వరసగా వచ్చిన చిన్న భూకంపాల తర్వాత లోతునుంచి కార్బన్ డయాక్సైడ్ ఎగదన్ని, వేళ్లకు ఊపిరాడకుండా చేసిందని తేలింది. అన్నిటికంటే ఘోరం కామెరూన్‌లోని అగ్నిపర్వత మెట్టభూమిలో జరిగింది. అక్కడి నియోస్ సరస్సు అడుగున గ్యాసు ఏళ్ల తరబడి కరిగి పేరుకుంటూ వచ్చింది. పైనున్న నీటి బరువే దానికి మూత. 1986 ఆగస్టు 21 రాత్రి ఆ మూత ఊడింది. అడుగునీళ్లు పైకి లేచి, సరస్సంతా సోడా సీసాలా పొంగింది. గ్యాసు మేఘం లోయల వెంట పారి సుమారు 1,700 మందిని నిద్రలోనే చంపేసింది. ఇప్పుడు ఆ సరస్సులో నిలువు గొట్టాలు దింపి, అడుగునీటిని నిదానంగా పైకి రప్పించి గ్యాసును వదిలిస్తున్నారు. కిస్లోవోద్స్క్ బుగ్గ ఎందుకు ఎగజిమ్ముతుందో, ఆ గొట్టాలూ అందుకే పంపు లేకుండా పనిచేస్తాయి.

కార్బన్‌కు గుర్తింపు కార్డు

బుడగలోని కార్బన్ శిలాద్రవానిదా, కాలిన సున్నపురాతిదా, పైమట్టిదా అని ఎలా తెలుస్తుంది? గ్యాసు అన్నిటిలోనూ ఒకటే. తేడా ఐసోటోపుల్లో ఉంటుంది. కార్బన్ పరమాణువుల్లో చాలావరకు 12 భారం గలవి. నూటికి ఒకటి చొప్పున 13 భారం గలవి ఉంటాయి. మొక్కలు తేలికదానినే ఎక్కువగా తీసుకుంటాయి. అందువల్ల మట్టినుంచి వచ్చిన గ్యాసులో బరువైన కార్బన్, సముద్రపు సున్నపురాతిని ప్రమాణంగా తీసుకుంటే, వెయ్యికి సుమారు 25 పాళ్లు తక్కువగా ఉంటుంది. సముద్రంలో పుట్టిన సున్నపురాతికి ఆ తేడా సున్నాకు దగ్గర. భూమి లోపలి మాంటిల్ పొరనుంచి వచ్చిన కార్బన్‌కు ఐదారు పాళ్ల లోటు.

చిక్కేమిటంటే, మట్టి గ్యాసు కొంత, సున్నపురాతి గ్యాసు కొంత కలిస్తే మాంటిల్ లెక్కే రావచ్చు. అప్పుడు హీలియంను సాక్షిగా పిలుస్తారు. భూమి పుట్టినప్పుడు లోపల చిక్కుకున్న హీలియం-3 మాంటిల్‌లో ఇంకా మిగిలి ఉంది. పైపొర రాళ్లలో యురేనియం, థోరియం క్షయంతో పుట్టేది హీలియం-4. ఎల్‌బ్రస్ చుట్టుపక్కల బుగ్గల గ్యాసుల్లో హీలియం-3 వాటా ఎక్కువగా కనిపించింది. అంటే అక్కడి నీళ్లలో మాంటిల్ ఊపిరి ఉంది. హీలియం గాజులోంచి కూడా మెల్లగా జారిపోతుంది. అందువల్ల నమూనాను రాగి గొట్టంలో నింపి, రెండు చివరలా నొక్కి మూసి ప్రయోగశాలకు తెస్తారు.

మన హిమాలయాల దగ్గరికి

హిమాలయాల్లో ఎల్‌బ్రస్ లాంటి అగ్నిపర్వతాలు లేవు. అయినా మణికరణ్ నుంచి తపోవన్ దాకా, నేపాల్ లోయల్లోనూ, వేడినీటి బుగ్గలు వందల్లో ఉన్నాయి. డెహ్రాడూన్‌లోని వాడియా హిమాలయ భూగర్భ విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు గఢ్వాల్‌లో 20 బుగ్గల నీటిని పరిశీలించి 2020లో ఫలితాలు వెల్లడించారు. నీళ్లు వానవీ మంచువీ. కార్బన్ డయాక్సైడ్ మాత్రం ప్రధానంగా పర్వతాల నడుమ లోతున రూపాంతరం చెందుతున్న కార్బొనేట్ రాళ్లది. కాకసస్‌లో చూసినదే ఇక్కడా: నీరు పైనుంచి, గ్యాసు కిందినుంచి. ఆ బుగ్గల నుంచి గాల్లోకి చేరే గ్యాసు ఏటా సుమారు 72 లక్షల మోల్‌లని వారి అంచనా. టన్నుల్లో చెబితే 300కు పైగా.

300 టన్నులంటే పెద్ద లెక్కేనా? బొగ్గు, చమురు, సహజవాయువు మండించి మనుషులు ఏటా వదిలేది సుమారు 3,700 కోట్ల టన్నులు. ఆ పక్కన ఇది లెక్కలోకే రాదు. 'పర్వతాలే కార్బన్ వదులుతుంటే మనల్ని అంటారేం' అని వాదించేవాళ్లు ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టుకుని చూడాలి. బుగ్గల గ్యాసు లెక్క ముఖ్యమయ్యేది మరో కాలమానంలో, లక్షల, కోట్ల ఏళ్లు గడిచే చోట.

పర్వతాలు పైకి లేచినప్పుడు కొత్త రాయి బయటపడుతుంది. వానలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ ఆ సిలికేట్ రాళ్లను అరగదీస్తూ, బైకార్బొనేట్‌గా మారి నదుల్లో కొట్టుకుపోయి, చివరికి సముద్రం అడుగున సున్నపురాయిగా స్థిరపడుతుంది. ఇలా హిమాలయాలు గాలిలోని కార్బన్‌ను పీల్చుకోవడమే గత కొన్ని కోట్ల ఏళ్లలో భూమి చల్లబడటానికి ఒక కారణమని మౌరీన్ రేమో తదితరులు 1980ల చివరినుంచి ప్రతిపాదిస్తూ వచ్చారు. మరి ఆ పర్వతమే కిందినుంచి గ్యాసు వదులుతుంటే? నేపాల్‌లోని నారాయణి నదీ పరీవాహకంలో బుగ్గల నీటిని కొలిచిన శాస్త్రవేత్తలు 2008లో, అక్కడ లోతునుంచి వెలువడుతున్న కార్బన్ డయాక్సైడ్, సిలికేట్ రాళ్లు పీల్చుకుంటున్న దానికంటే ఎక్కువని అంచనా వేశారు. ఒక లోయ లెక్కను మొత్తం పర్వతశ్రేణికి అంటగట్టలేం. కానీ జమ ఒక్కటే రాసి ఖర్చు రాయని పద్దుపుస్తకం చెల్లదని మాత్రం తేలిపోయింది.

అదే నేపాల్‌లో, త్రిశూలి లోయలోని స్యాబ్రుబేసి దగ్గర, నేలలోంచి కార్బన్ డయాక్సైడ్ నేరుగా ఎగదన్నే చోట్లున్నాయి. ఉష్ణగుండాల పక్కనే ఉన్న ఆ నేలను ఫ్రాన్సు, నేపాల్ పరిశోధకులు ఏళ్ల తరబడి కొలుస్తూ వస్తున్నారు. 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో గోర్ఖా భూకంపం వచ్చింది. అంతకు ముందు కొలతలు చేతిలో ఉండటం వల్ల, భూకంపం తర్వాత గ్యాసు వెలువడే తీరులోనూ బుగ్గల్లోనూ వచ్చిన మార్పులను వాళ్లు పోల్చి చూడగలిగారు. ఆ కలత వెంటనే సద్దుమణగలేదని 2018లో ప్రకటించారు. భూకంపాన్ని ముందే చెప్పే యంత్రంగా బుగ్గను ఊహించుకోవడం తొందరపాటు. పగుళ్లు తెరుచుకోవడం, మూసుకోవడం గ్యాసు దారిని మారుస్తుందన్నంతవరకే ఇప్పటికి గట్టిగా చెప్పగలిగేది. ఇలాంటి నేలమీద ఇల్లు కట్టేవాళ్లు, పల్లపు గదిలో పడుకునేవాళ్లు తెలుసుకోవలసిన విషయం ఇంకొకటుంది. నియోస్ దగ్గరా, కుక్క గుహలోనూ పనిచేసిన బరువు సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. కిటికీ లేని నేలమాళిగ మంచిది కాదు. బుగ్గ నీళ్లు తేటగా ఉన్నాయి, రుచిగా ఉన్నాయి అని తాగేయడం కూడా సరికాదు. పుల్లనీళ్లు సున్నంతోపాటు ఫ్లోరైడ్, ఆర్సెనిక్ వంటివాటినీ మోసుకురాగలవు. నాలుకకు అవి తెలియవు. పరీక్ష చేయించాలి.

హీలియం సాక్ష్యం హిమాలయాల్లో ఏమంది? దక్షిణ వాలుల్లోని బుగ్గల్లో హీలియం దాదాపు అంతా పైపొర రాళ్లదే. మాంటిల్ జాడ లేదు. చల్లని భారత ఫలకం అడ్డుపలకలా కింద పరుచుకుని ఉండటమే అందుకు కారణం. ఉత్తరానికి, టిబెట్‌లోకి వెళ్లినకొద్దీ ఒక హద్దు దాటాక మాంటిల్ హీలియం హఠాత్తుగా కనిపిస్తుంది. సైమన్ క్లెంపరర్ బృందం రెండు వందలకు పైగా వేడినీటి బుగ్గల కొలతలను పటం మీద గుర్తించి 2022లో ఆ హద్దును గీసింది. భారత ఫలకం టిబెట్ అడుగుకు అంటుకుని చాలా దూరం సాగిందా, లేక దక్షిణ టిబెట్‌లోనే కిందికి వంగిపోయిందా అన్నది భూగర్భ శాస్త్రవేత్తల మధ్య ఏళ్లుగా ఉన్న వాదన. బుగ్గలు చెప్పిన జవాబు రెండోది. ఆ హద్దు దక్షిణ టిబెట్‌లో, తూర్పునుంచి పడమరకు, హిమాలయాలకు ఇంచుమించు సమాంతరంగా సాగుతుంది. అక్కడి బుగ్గల దగ్గర నీటిలో గరాటు బోర్లించి, పైకి వచ్చే బుడగలను ఒక్కొక్కటిగా రాగి గొట్టంలోకి పట్టుకుంటూ పోతే దొరికిన గీత అది.